మెడలోని పతకం: చదవవలసిన పాఠం

కాథలిక్ క్రైస్తవులు ధరించే పునీతుల పతకాల గురించి మన విద్యార్థులు క్షేత్ర పరిశీలన నివేదికల్లో సాధారణంగా ఒకే వాక్యంతో సరిపెడుతుంటారు: "వీరు తాయెత్తు వంటి బిళ్ళను మెడలో వేసుకుంటారు." ఈ వాక్యం పూర్తిగా తప్పని మేము అనము. అయితే దానితో పరిశీలన అక్కడే ఆగిపోతుంది. పతకానికి ముందువైపు, వెనుకవైపు ఉన్నాయి. బొమ్మ ఉంది, అక్షరాలున్నాయి, కొన్నిటిమీద సంవత్సరం కూడా ఉంది. శాసనాన్నో తాళపత్రాన్నో పరిశీలించే శ్రద్ధతోనే దీన్నీ చదవాలని మా అభిప్రాయం. ఉదాహరణకు అన్నిటికంటె ఎక్కువ వ్యాప్తిలో ఉన్న 'అద్భుత పతకా'న్ని తీసుకుందాం.

1830 నవంబరు 27న పారిస్ నగరంలోని ర్యూ దు బాక్ మఠంలో, శిక్షణలో ఉన్న కాతరిన్ లబూరే అనే యువ కన్యాస్త్రీకి కలిగిన దర్శనం దీనికి మూలమని శ్రీసభ సంప్రదాయం. ఆమె ఆ సంగతిని తన ఆత్మగురువు అలదేల్‌కు చెప్పింది. ఆర్చిబిషప్ దె కెలెన్ అనుమతించిన మీదట వషెత్ అనే స్వర్ణకారుడు 1832లో మొదటి పతకాలు తయారుచేశాడు. ఆ ఏడాదే పారిస్‌ను కలరా చుట్టుముట్టింది. పతకం ధరించి స్వస్థత పొందామని చెప్పుకున్నవారి నోట దానికి 'అద్భుత' అనే పేరు స్థిరపడింది. నిజానికి అది నిష్కళంకోద్భవ మాత పతకం. మరియమాత నిష్కళంకోద్భవమనే విశ్వాసాన్ని పోపు 9వ పయస్ సిద్ధాంతంగా ప్రకటించింది 1854లో. అంటే అంతకు ఇరవై రెండేళ్ళ ముందే ఆ భావం ఈ చిన్న లోహపు బిళ్ళమీద ప్రార్థనగా సామాన్యుల మెడల్లోకి చేరింది. జనసాహిత్యం పండిత గ్రంథాలకు దారితీయడం మనం ఎరిగినదే. ఇక్కడ పతకం ఆ పని చేసింది.

ముందువైపు మరియమాత భూగోళంమీద నిలబడి ఉంటుంది. పాదాల కింద సర్పం, చాచిన చేతుల నుంచి కిరణాలు, చుట్టూ శరణుకోరే ప్రార్థన, 1830 అనే అంకె. వెనుక సిలువను మోస్తున్న 'ఎం' అనే రోమన్ అక్షరం, ముళ్ళు చుట్టుకున్న ఒక హృదయం, కత్తి దిగిన మరొక హృదయం, పన్నెండు నక్షత్రాలు. వెనుక ఏమి రాయాలని కాతరిన్ అడిగితే ఆ అక్షరం, ఆ హృదయాలు చాలునని సమాధానం వచ్చిందట. ముందు మాట, వెనుక మౌనం. ఈ కూర్పు చక్కగా ఉంది.

అయితే ఈ పాఠంలో లోపించినది కూడా ఉంది. కాతరిన్ చెప్పిన దర్శనంలో మాత మొదట చేతుల్లో ఒక గోళాన్ని పట్టుకుని ఉంది. ఆమె వేళ్ళ ఉంగరాల్లో కొన్ని రత్నాల నుంచి కిరణాలు వెలువడలేదు. అవి ఎవరూ అడగని వరాలకు గుర్తులు. పతకంలో ఈ రెండూ లేవు. అంత చిన్న చోట వెలగని రత్నాన్ని చూపడం ఎవరి తరం? కాని ఫలితం గమనించాలి. ఇచ్చే చేయి మిగిలింది, అడగడం మరిచినవారికి చేసిన హెచ్చరిక జారిపోయింది. దీన్ని తాయెత్తుగా చదవడానికి వీలు కల్పించినది కొంతవరకు ఈ సంక్షేపమేనని మాకు తోస్తుంది.

పునీత బెనెడిక్ట్ పతకాన్ని దీని పక్కన పెట్టి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. దానిమీద సిలువలోను, అంచున వరుసగాను విడివిడి లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి. చూడగానే రాగిరేకుమీది బీజాక్షరాలు గుర్తుకురాక మానవు. 1647లో బవేరియాలో ఒక మంత్రగత్తెల విచారణ సందర్భంగా మెట్టెన్ మఠంలోని ఈ అక్షరాలు చర్చకు వచ్చినప్పుడు, వాటి అర్థం చెప్పగలవారు లేకపోయారు. తరువాత 1415 నాటి రాతప్రతిలో పూర్తి పద్యం దొరికింది. అవన్నీ దుష్టుణ్ణి తొలగిపొమ్మనే ప్రార్థనలోని పదాల మొదటి అక్షరాలని తేలింది. అర్థం మరిచినంతకాలం అది రేకు. అర్థం తెలియగానే ప్రార్థన. వస్తువు ఒక్కటే, చదివేవారినిబట్టి దాని జాతి మారుతున్నది.

మెడలోని వస్తువును పాఠంగా చదవడం మన ప్రాంతాలకు కొత్త కాదు. 1704లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి తూర్నోన్ ఇచ్చిన ఆజ్ఞ క్రైస్తవ స్త్రీలకు పిళ్ళైయారు రూపమున్న తాళిని నిషేధించింది. సిలువ, క్రీస్తు, మరియమాత రూపాలున్న తాళిని అనుమతించింది. నూట ఎనిమిది పోగుల పసుపుతాడును కూడా వద్దన్నది. ఆ తీర్పును మనం మెచ్చవలసిన పనిలేదు. కాని పోగుల లెక్కకు కూడా అర్థముంటుందని ఆయన గుర్తించిన సంగతిని మాత్రం విస్మరించరాదు.

మాటల విషయానికి వస్తే, 'పతకం' అనగానే పోటీలో గెలిచిన బహుమతి తలపుకు వస్తుంది. ఈ భక్తికి ఆ పదం ఇరుకు. భుజాలమీద ధరించే కార్మెల్ మాత వస్త్రానికి తెలుగు కాథలిక్కులు 'ఉత్తరీయం' అనే మాట వాడారు. లాటిన్ పేరులోనూ భుజమే ఉన్నది కనుక ఇది అచ్చంగా అతికిన అనువాదం. 1910లో పోపు 10వ పయస్ ఈ వస్త్రానికి బదులు లోహపు పతకం ధరించవచ్చునన్నారు. అయితే మొదట వస్త్రంతోనే స్వీకారం జరగాలి, ప్రతి కొత్త పతకాన్నీ ఆశీర్వదించాలి అని నియమం పెట్టారు. లోహానికి సొంత మహిమ లేదనే కదా దీని భావం! 1992 నాటి శ్రీసభ ధర్మోపదేశ గ్రంథం కూడా, అంతరంగ భక్తి లేకుండా బాహ్యచిహ్నమే ఫలమిస్తుందనుకోవడం మూఢవిశ్వాసమని చెబుతుంది. అటువంటప్పుడు ధరించేవారికి రాని భాషలో అక్షరాలు చెక్కి, అర్థం చెప్పకుండా పంచేవారిమీదనే తాయెత్తు నింద ఎక్కువగా పడాలి.

బరంపురం వైపు విద్యార్థులకు ఇక్కడ మంచి పని ఉంది. కాతరిన్ చేరిన కన్యాస్త్రీల సభా, 1922 నుంచి గంజాం ప్రాంతంలో పనిచేసిన స్పెయిన్ గురువుల సభా, రెండింటి స్థాపనలోనూ పునీత విన్సెంట్ దె పాల్ ఉన్నాడు. ఆ దారిన ఏ పతకాలు వచ్చాయో ఇళ్ళల్లో అడిగి చూడాలి. యానాం, తమిళనాడు విద్యార్థులు ఫ్రెంచి, తమిళ అక్షరాలున్న పతకాలకోసం వెదకవచ్చు. పతకం చూపినవారిని నాలుగు విషయాలు అడిగి రాసుకోండి: ఎవరిచ్చారు, ఏ సందర్భంలో ఇచ్చారు, దానిమీద ఏమి రాసి ఉందనుకుంటున్నారు, ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారు. 'తాయెత్తు' అనే మాట వారి నోట వస్తే తప్పక రాయండి. రాకపోతే మాత్రం, దయచేసి దాన్ని మీ కలం నుంచి చేర్చకండి.