దుబాసీ కూడా ఖాకీయే

వెట్రిమారన్ 'విసారణై' (2015) గుంటూరు స్టేషన్‌లో తన్నులు తిన్న తమిళ కూలీల కథ. వాళ్లలో ఒకడైన చంద్రకుమార్ రాసిన 'లాకప్' దీనికి ఆధారం.

తనమీద తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టరాదంటుంది రాజ్యాంగం 20(3) అధికరణం. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టమే చెప్పింది; 2023 చట్టమూ అదే అంటోంది. మరి ఎందుకు కొట్టడం? జడ్జి ముందు వాళ్ల నోటితోనే 'మేమే చేశాం' అనిపించడానికి. దెబ్బ స్టేషన్‌లో, మాట కోర్టులో. ఈ కిటుకును బయటపెట్టడమే సినిమా బలం.

అయితే దెబ్బలు చూసి కన్నీళ్లు తుడుచుకుని లేచిపోతే సరిపోదంటాం మేము. తెలుగు కోర్టులో వాళ్ల గోడు జడ్జికి చేరింది తమిళం తెలిసిన ఒక పోలీసు పుణ్యాన. తర్వాత వాళ్లను పనికి వాడుకున్నదీ అతనే. ఆ పనే వాళ్ల ప్రాణం తీసింది. రేపు బొంబాయి స్టేషన్‌లో మన పాలమూరు కూలీ నిలబడితే అతని మాట ఎవరు చెప్తారు? భాష అందని చోట హక్కు వట్టి కాగితమే.