రంగు వేయని పనితనం

సైకిలు నాణ్యం తెలియాలంటే దాన్ని తలకిందులుగా నిలబెట్టి చూడాలి. మామూలుగా చూస్తే కనిపించేవి రంగు, మెరుపు, కంపెనీ పేరు. పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం కింద, నాలుగు గొట్టాలు వచ్చి కలిసే ఇరుకు చోట మాత్రం చేసినవాడి చెయ్యి కనిపిస్తుంది. హైదరాబాద్ నాచారంలో ఒక మిత్రుడి దగ్గర నేను అలా తిరగేసి, తీరిగ్గా పరిశీలించిన టైటానియం గ్రావెల్ సైకిలు గురించే ఈ వ్యాసం.

గ్రావెల్ సైకిలు మట్టి, మొరం, కంకర దారుల కోసం పుట్టింది. హ్యాండిల్ రేసు సైకిలుదిలా కిందికి వంగి ఉంటుంది. టైరు మాత్రం 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు. అమెరికాలో కాన్సస్ గడ్డినేలల మట్టిరోడ్లు, స్పెయిన్‌లో మధ్యధరా తీరానికి చేరువగా జిరోనా చుట్టూ కార్క్ ఓక్ అడవులు కప్పిన కొండలు ఈ సవారీకి పేరుపడ్డాయి. జపాన్ కంపెనీ షిమానో 2019లో దీనికోసమే ప్రత్యేకంగా గేర్ల సరంజామా తెచ్చింది. 2022లో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. కార్లు, లారీలు రాని దారిలో గంటల తరబడి తొక్కాలన్న కోరికే దీన్ని ఇంతదూరం తెచ్చింది.

ఆ కోరిక నాచారం పక్కనే ఉన్న ఉప్పల్ వాళ్లకు బాగా తెలుసు. రింగ్ రోడ్డు దగ్గర బస్సుల మధ్య ఇరుక్కున్న సైకిలిస్టుకు, అక్కడి నుంచి తూర్పుకు వెళ్తే నారపల్లి అడవి అంచు, ప్రతాపసింగారం, కొర్రెముల వైపు మూసీ కింద వరిపొలాల మధ్య మట్టిబాటలు ఉన్నాయంటే ప్రాణం లేచివస్తుంది. ఆ బాటల స్వభావం ఇక్కడి రాయి నుంచే వచ్చింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. దాని చుట్టూ పరుచుకున్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గ్రానైటు శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది. క్వార్ట్‌జ్ మాత్రం కరగక గరుకు గింజలుగా మిగులుతుంది. వాన మన్నును కడిగేశాక ఆ గింజలు వదులై టైరు కింద దొర్లుతాయి. సన్నటైరు సైకిలు మలుపులో జారిపడేది అక్కడే. ఇలాంటి నేల మీద నిలబడాలంటే సైకిలుకు ఎక్కడ బిగువుగా ఉండాలో, ఎక్కడ లొంగాలో తెలియాలి. నేను చూసిన సైకిల్లో ప్రతి భాగం ఈ వివేకంతోనే తయారైంది.

ముందు ఫ్రేము సంగతి. టైటానియం ఉక్కులో సుమారు 58 శాతమే బరువు తూగుతుంది. బిగువులో దాదాపు సగం. అంటే అదే కొలత గొట్టాన్ని ఉక్కుకు బదులు టైటానియంతో చేస్తే రెట్టింపు వంగుతుంది. ఈ గుణాన్ని మంచి పనివాడు రెండు విధాలా వాడుకుంటాడు. పెడల్ తొక్కే బలానికి ఫ్రేము మెలితిరగకూడదు కాబట్టి హ్యాండిల్ నుంచి పెడళ్ల దాకా దిగే గొట్టాన్ని లావుగా పెడతాడు. సీటు కింది నుంచి వెనక ఇరుసుకు దిగే జంట గొట్టాలను సన్నగా పెడతాడు. తోసే బలం వృథా పోదు, గుంతల అదురు నడుముకు అంతగా తగలదు. గొట్టాల కొలతల్లోనే ఇంత ఆలోచన ఉంది.

అతుకు దగ్గర పని ఇంకా కష్టం. ఒక గుండ్రటి గొట్టం చివర మరో గుండ్రటి గొట్టాన్ని కౌగిలించుకోవాలంటే ఆ చివరను వంపుగా చెక్కాలి. చెక్కాక రెండింటినీ ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుతురు రాకూడదు. గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. సందు ఉంటే వెల్డింగులో లోహం అక్కడికి లాగేసుకుని, చల్లబడేటప్పుడు ఫ్రేమునే ఓ పక్కకు గుంజుతుంది. అందుకే వెల్డరు ఒక అతుకును చుట్టూ ఒకేసారి పూర్తిచెయ్యడు. ఒక వైపు కొంత అతికి, ఎదురు వైపు కొంత అతికి, వేడిని సమంగా పంచుకుంటూ పోతాడు.

వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది. వేలిముద్రల జిడ్డు కూడా అతుకును పాడుచేస్తుంది. ముందు అంతా అసిటోన్‌తో తుడుస్తారు. తర్వాత టార్చి నుంచి బయటి వైపు, గొట్టాల లోపలికి విడిగా, ఆర్గాన్ వాయువు పంపుతూ టిగ్ వెల్డింగు చేస్తారు. ఆర్గాన్ కాపలా సరిగ్గా ఉందో లేదో అతుకు రంగే చెబుతుంది. వెండిలా మెరిసినా, లేత గడ్డిరంగు తేలినా మంచిది. నీలం తిరిగితే అనుమానించాలి. బూడిదరంగో తెల్లపొడో కనిపిస్తే ఆ అతుకు చెడినట్టే. నేను చూసిన అతుకులు ఆసాంతం వెండిరంగులో, నాణేలను వరసగా ఒకదాని మీద ఒకటి జరిపి పేర్చినట్టు ఉన్నాయి. ఇరుకైన లోపలి మూలల్లో కూడా ఆ వరస చెదరలేదు. టైటానియం తుప్పు పట్టదు కాబట్టి రంగు అక్కర్లేదు. పుట్టీ రాసి, రంగు కొట్టి లోపాన్ని దాచే వీలు ఈ పనివాడికి లేదు. చేసినదంతా కళ్లెదుటే ఉండాలని తెలిసి చేసిన పని ఇది. నాకు దీని మీద గౌరవం కలగడానికి మొదటి కారణం ఇదే.

చక్రం మరో పాఠం. వెనక చక్రానికి 28 పుల్లలు. చైను వైపు పుల్ల ఒక్కొక్కటీ సుమారు 100 కిలోల బలంతో బిగిసి ఉంటుంది. రెండోవైపు అంతకంటే తక్కువ. అన్నిటి లాగుడూ కలిపితే రెండు టన్నుల వరకు వస్తుంది. మనిషి కూర్చున్నప్పుడు నేలవైపు పుల్లల బిగువు కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను తట్టుకునేంత బిగువు ముందే ఉంటేనే చక్రం నిలుస్తుంది. బిగువు ఒకదానికొకటి సమంగా లేకపోతే, వదులుగా ఉన్న పుల్ల తిరిగిన ప్రతిసారీ అలిసి చివరికి తెగుతుంది. బెండు తీసే మేస్త్రీ పుల్లల్ని వేలితో మీటి వింటాడే, ఆ విద్య ఇదే. ఒకే వైపు పుల్లలు ఒకే స్వరం పలకాలి. ఈ చక్రం అలాగే పలికింది.

టైర్లలో ట్యూబు లేదు. రోడ్డు రేసు సైకిలు సన్నటైర్లో గాలి బాగా ఎక్కువగా కొడతారు. ఇందులో 30, 35 పీఎస్ఐ చాలు. గాలి తగ్గడంతో టైరు మొరం గింజల మీద వాలి వాటిని పట్టుకుంటుంది. ట్యూబు ఉంటే అంత తక్కువ గాలిలో రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి తెగేది. సర్కారు తుమ్మ ముల్లుకూ, పల్లేరు కాయకూ జవాబుగా లోపల లేటెక్స్ కలిసిన ద్రవం తిరుగుతూ ఉంటుంది. చిల్లు పడిన క్షణాన అక్కడికి చేరి గట్టిపడి మూసేస్తుంది. మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో నింపుకోవాలి.

ఇక గేర్లు. ముందు ఒకే పళ్లచక్రం, 40 పళ్లు. వెనక అన్నిటికన్నా పెద్దదానికి 42. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు, నిటారు చడావు మీద ఊపిరి అందేది దానివల్లే. ముందు పళ్లు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. చైను లింకుల్లోనూ అదే తేడా ఉంటుంది కాబట్టి కుదుపుల్లో చైను ఊడదు.

ఇంత పనితనం చూశాక అది ఎక్కడో దూరదేశపు విద్య అనిపించవచ్చు. కాదు. ఈ ఫ్రేములో వాడిన మిశ్రమలోహంలో 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం ఉంటాయి. విమానాల హైడ్రాలిక్ గొట్టాల కోసం వచ్చిన లోహం అది. నాచారానికి పొరుగునే, 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అతుకులేని గొట్టాల తయారీకి పేరున్న సంస్థ. తేజస్ యుద్ధవిమానానికి టైటానియం గొట్టాలు అందించింది కూడా. పిల్గర్ మిల్లులో గాడి చెక్కిన రోలర్ల మధ్య గొట్టాన్ని ముందుకూ వెనక్కూ నలుపుతూ, గోడను పలచన చేస్తూ పొడవు సాగదీసే నేర్పు అక్కడి కార్మికుల చేతుల్లో ఉంది. కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని టైటానియం మిశ్రమాలను కరిగించి పోస్తుంది. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో లేతు మీద మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టుకునే టర్నర్లు, టిగ్ వెల్డర్లు ఉన్నారు.

లోహం, గొట్టం, అతుకు, చక్రం అన్నిటికీ చేతులు ఈ నగరంలోనే ఉన్నాయి. పరీక్షించడానికి నారపల్లి మొరం ఉంది. విమానాలకూ అణు రియాక్టర్లకూ పనిచేసిన ఈ నేర్పు ఒక సైకిలుకూ పనిచేస్తే, మట్టిబాట మీద తొక్కే మామూలు మనిషి దాన్ని తన కాళ్లతో తెలుసుకోగలడు. ఉప్పల్‌లోనో నాచారంలోనో ఒక చిన్న కార్ఖానా అలాంటి ఫ్రేము చేయాలనీ, దానికి రంగు వేయకుండానే అమ్మాలనీ నా కోరిక.