పన్ను జారితే చెవికి తెలుస్తుంది

తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు వెళ్ళే దారిలో ఏ షెడ్డు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. కృష్ణా లంకల్లోంచి కంద, పసుపు, అరటి గెలలు వేసుకొచ్చే బండి ఒకటి దారిలో ఆగిపోయి, తాడు కట్టి లాక్కొచ్చారనుకోండి. పని కొత్త కుర్రాడైతే డీజిల్ అందుతోందా, బ్యాటరీలో దమ్ముందా అని మొదలుపెడతాడు. పెద్ద మేస్త్రి కూర్చున్న చోటు నుంచి లేవడు. "ఒక్కసారి సెల్ఫ్ కొట్టు" అంటాడు. రెండు క్షణాలు వింటాడు. "ఆపు ఆపు! ఇంక కొట్టొద్దు. టైమింగ్ పోయింది." కవరు విప్పి చూస్తే టైమింగ్ బెల్టు పళ్ళు గీరుకుపోయి ఉంటాయి. ఇలాంటి చెవి ఉన్న మనుషులు ఉయ్యూరులో ఉన్నారు, గుడివాడలో ఉన్నారు, బందరులో ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. బండి ఆగినవాడికి మాత్రం తెలుసు.

ఆ చెవికి ఏం వినిపిస్తుందో చెప్తాను. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ని సెల్ఫ్ తిప్పుతుంటే ప్రతి సిలిండరూ గాలిని నొక్కేటప్పుడు ఒకసారి బరువుగా మూలుగుతుంది. ఆ బరువులో ఒక లయ ఉంటుంది. బెల్టు తెగిపోతే వాల్వులు కదలవు, నొక్కడానికి గాలి సరిగా అందదు; ఇంజను ఏ బరువూ లేకుండా గిర్రున తిరిగేస్తుంది. వాల్వు వంగితే ఆ ఒక్క సిలిండరు వంతు వచ్చినప్పుడు లయ తప్పుతుంది. ఇక అన్నిటికన్నా కష్టం, బెల్టు తెగకుండా ఒక్క పన్ను మాత్రం జారడం. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది కూడా. కానీ పికప్ ఉండదు, కరకట్ట ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. పెట్రోలు బండైతే సైలెన్సర్లో టపటపలు, డీజిల్ బండైతే పొద్దున్నే తెల్ల పొగ. ఓనరు ముందు ఫిల్టరు మార్పిస్తాడు, తర్వాత ప్లగ్గులు, తర్వాత ఇంజెక్టర్లు. ఇంత ఖర్చూ అయ్యాక పెద్ద మేస్త్రి దగ్గరికొస్తాడు.

విషయం అర్థం కావాలంటే లెక్క ఒక్కటే. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. అందుకే పై పుల్లీకి కింది దానికన్నా రెట్టింపు పళ్ళు. ఆ రెంటినీ కలిపి ఉంచేది, లోపల గాజు పోగులున్న ఒక రబ్బరు పట్టీ. కింది పుల్లీకి 20 పళ్ళున్నాయనుకుంటే ఒక్క పన్ను జారడమంటే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తప్పడం. వాల్వు తెరుచుకోవాల్సినప్పుడు మూసుకునే ఉంటుంది, మూసుకోవాల్సినప్పుడు తెరిచి ఉంటుంది. ఇండికా లాంటి డీజిల్ ఇంజన్లలో డీజిల్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి ఇంధనం పడే వేళా తప్పుతుంది. పిస్టనూ వాల్వూ ఒకే జాగాలోకి వచ్చిపోయే ఇంజన్లలో అయితే పైకొచ్చిన పిస్టను తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. ఆపైన ఒక్కో సెల్ఫూ ఒక్కో వాల్వును వంచుతుంది. "ఇంక కొట్టొద్దు" అని మేస్త్రి అరిచింది అందుకే.

ఈ రబ్బరు బెల్టు కారు ఇంజన్లోకి 1962 ప్రాంతంలో జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ కారుతో వచ్చిందంటారు. మన ఊళ్ళకు మారుతి 800తో వచ్చింది, 1983 డిసెంబరు తర్వాత. అంతకు ముందు అంబాసిడర్లో చైను, ట్రాక్టర్లలో గేర్లు. మన డెల్టా మేస్త్రులు ట్రాక్టరు గేర్ల మీద చుక్కలు కలిపి నేర్చుకున్న చేతులతోనే బెల్టు పనిలోకి దిగారు. గేరు పన్ను ఊరికే జారదు, బెల్టు జారుతుంది. ఆ తేడా వాళ్ళకు ఎవరూ పుస్తకం పెట్టి చెప్పలేదు.

సరే, జారిందని తెలిసింది. తర్వాత పని చూడండి, కళ్ళు తిప్పుకోలేరు. ముందు బ్యాటరీ వైరు ఊడదీస్తాడు, ఎవడూ పొరపాటున తాళం తిప్పకుండా. ప్లగ్గులు విప్పుతాడు, ఇంజను చేత్తో తేలిగ్గా తిరగాలి కదా. క్రాంక్ నట్టుకు పాన వేసి, ఎప్పుడూ తిరిగే వైపుకే, అంగుళం అంగుళం తిప్పుతాడు. ఎక్కడైనా తగిలిందా, అక్కడే ఆగిపోతాడు. ఒక్క పిసరు బలం ఎక్కువ పెట్టడు. పని వచ్చినవాడికీ రానివాడికీ తేడా కనపడేది ఇక్కడే. రానివాడు పాన చివర గొట్టం తగిలించి లాగుతాడు, వంగని వాల్వు కూడా వంగుతుంది.

మొదటి సిలిండరు ప్లగ్గు కన్నం మీద బొటనవేలు ఆనించి ఉంచుతాడు. గాలి వేలిని పైకి తంతే అది కంప్రెషన్ వరస. అక్కణ్ణుంచి నెమ్మదిగా పిస్టను పైకొచ్చేదాకా తిప్పి, కింది పుల్లీ మార్కును దాని బాణానికి, పై పుల్లీ మార్కును హెడ్డు మీద గంటుకు కలుపుతాడు. కొత్త బెల్టును క్రాంక్ దగ్గర మొదలుపెట్టి బిగువు వైపు నుంచి పైకి తీసుకెళతాడు. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. టెన్షనర్ బిగించాక ఇంజన్ని చేత్తోనే నిండుగా రెండు చుట్లు తిప్పి మార్కులు మళ్ళీ చూస్తాడు. మొదట కలిసిన మార్కులు ఈ రెండు చుట్ల తర్వాత వెంట్రుకవాసి తప్పితే బెల్టు తీసి మొదటికొస్తాడు. ఓనరు పక్కన నిలబడి "చాల్లేవయ్యా, వెళ్ళాలి" అన్నా వినడు. ఆ రెండు చుట్లు తిప్పని వాణ్ణి నేను మేస్త్రి అనను.

అంతటితో అయిపోతుందా? వాల్వులు బాగున్నాయో లేదో తేలాలి. ప్లగ్గు కన్నంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి వింటాడు. బుసబుస గాలి తీసుకునే గొట్టంలో వినిపిస్తే గాలిని లోపలికి వదిలే వాల్వు పోయినట్టు. సైలెన్సర్లో వినిపిస్తే పొగను బయటికి వదిలే వాల్వు. ఆయిల్ మూత దగ్గరైతే రింగుల గొడవ. హెడ్డు దించక తప్పదనుకుంటేనే దించుతాడు. దించాక వంగిన వాల్వులు మార్చి, పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య కర్రను తిప్పుతూ వాల్వును దాని సీటులో అరగదీస్తాడు. సీటు చుట్టూ సన్నటి బూడిదరంగు గీత, ఎక్కడా తెగకుండా నిండు వలయంగా వచ్చేదాకా ఆ చేతులు ఆగవు. ఆ తర్వాత హెడ్డు తలకిందులు పెట్టి కిరసనాయిలు పోసి వదిలేస్తాడు. ఒక్క చుక్క కారినా మళ్ళీ అరగదీతే. వెలుతురులో ఆ వలయం మెరవడం చూసినవాడు దాన్ని పనితనం అనకుండా ఉండలేడు.

ఇంకో ఘనత చెప్పాలి. గుడివాడ వైపు ఒక మేస్త్రి కొత్త బెల్టు వేసి బండి పంపేయడు, పాతది ఎందుకు జారిందో తేలేదాకా. పాత బెల్టును తిరగేసి చూస్తాడు. నూనె తడి ఉందా, ఆయిల్ సీలు కారుతోంది. ఒక అంచు మాత్రమే అరిగిందా, టెన్షనర్ బేరింగు పక్కకు వాలింది. కొన్నిటిలో వాటర్ పంపు కూడా ఈ బెల్టు మీదే తిరుగుతుంది, అది పట్టేసినా పళ్ళు గీరుకుపోతాయి. ఏమీ లేకపోతే ఓనర్ని అడుగుతాడు: "బాబాయ్ గారూ, కట్ట వాలులో గేరులో పెట్టి ఆపారా? బండి వెనక్కి జారిందా?" వదులుగా ఉన్న బెల్టు, ఇంజను వెనక్కి తిరిగితే పన్ను దాటుతుంది. ఈ ప్రశ్న అడగాలని ఏ కంప్యూటర్ చెప్తుంది? ఈ జాగ్రత్తే వరదలోనూ పనికొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్ని కప్పినప్పుడు, నీళ్ళలో నానిన బండ్లెన్నో. తెలిసినవాళ్ళు సెల్ఫ్ ముట్టుకోకుండా ముందు టైమింగ్ కవర్లు విప్పి బురద కడిగించారు.

ఇప్పుడు కడుపు మండే సంగతి. డూప్లికేటు బెల్టులు. అచ్చం పేరున్న కంపెనీ అట్టపెట్టె, అదే రంగు, అదే ముద్ర. తీసి చేతిలో పట్టుకుంటే అక్షరాలు వేలికి అంటుకుంటాయి, తయారైన తేదీ అంకెలు ఉండవు, పళ్ళ మొదట్లో గుడ్డ పొర పలచగా ఉంటుంది. ధర సగం. బేరం కుదిరిందని సంతోషించే ఓనరు, కమీషను కోసం అంటగట్టే దుకాణం, తెలిసీ బిగించే మెకానిక్, ముగ్గురూ కలిసి ఒక ఇంజన్ని చంపుతున్నారు. చెడ్డపేరు మాత్రం మేస్త్రికి వస్తుంది. బెజవాడ ఆటోనగర్ పేరు చెప్తే ఒకప్పుడు పక్క రాష్ట్రాల లారీలు వచ్చి ఆగేవి. ఆ పేరు నకిలీ సామాన్ల పాలు కావడం నేను సహించలేను.

రెండోది స్కానర్ భక్తి. స్కానర్ మంచి పనిముట్టే, కాదనను. క్రాంకూ క్యామూ ఒకదానికొకటి పొందిక తప్పితే పి0016 అని అంకె చూపిస్తుంది. ఆ అంకె చూసి సెన్సర్ మార్చేవాళ్ళు ఎక్కువయ్యారు. సెన్సర్ నిజమే చెప్తోంది, బెల్టు జారిందని! కవరు విప్పి మార్కు చూడ్డానికి చేతికి మసి అంటుతుందని బద్ధకం. చైను ఇంజన్లు వచ్చాయి, ఇంక ఈ విద్యతో పనేమిటి అనేవాళ్ళూ ఉన్నారు. నేనొప్పుకోను. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్ ఇంజన్‌కు చైనే ఉంది, ఆయిల్ సరిగా మార్చకపోతే అదీ సాగుతుంది, పన్ను దాటుతుంది. అప్పుడు వెతకాల్సిందీ ఈ చెవినే, ఈ బొటనవేలినే.

ఇలాంటి పెద్ద మేస్త్రుల చేతి కింద నిలబడే కుర్రాళ్ళు తగ్గిపోతున్నారు. ఐటిఐల్లో డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్ చదివే పిల్లల్ని వారానికి ఒక్క పూటైనా ఈ మేస్త్రుల షెడ్లకు పంపండి, లేదా వాళ్ళనే పిలిచి గౌరవంగా జీతమిచ్చి పాఠం చెప్పించండి. పదో తరగతి గడప దాటలేదని వాళ్ళను తరగతి గది బయట నిలబెట్టడం మన పిల్లలకే నష్టం. బండి ఉన్నవాళ్ళకు ఇంకో మాట. బెల్టు మార్చినప్పుడు పాతది అడిగి తీసుకుని మేస్త్రి చేతే చూపించుకోండి. మార్చిన తేదీ, కిలోమీటరు అంకె కవరు మీద పెయింటుతో రాయించండి. బెల్టుతోపాటు టెన్షనర్, ఆయిల్ సీలు కూడా మార్చమంటే మార్చనివ్వండి. ఆ కూలీ దగ్గర బేరమాడకండి; హెడ్డు దించాల్సి వస్తే దానికి ఎన్నో రెట్లు పోస్తారు.