సరిహద్దు లేని పెట్టుబడి, సరిహద్దు ఉన్న సర్టిఫికెట్

విడిపోవడం అనగానే మనవాళ్లకు జెండాలు గుర్తొస్తాయి, పాటలు గుర్తొస్తాయి, ప్రాణాలిచ్చిన పిల్లలు గుర్తొస్తారు. అవన్నీ గుర్తుండాల్సినవే. కానీ ఉమ్మడి కాపురం వేరుపడినప్పుడు చివరికి జరిగేది పంపకం. పొలం ఎవరికి, బావి ఎవరికి, అప్పు ఎవరికి? పెద్దమనుషులు కూర్చుని కాగితం రాస్తారు. ఆ కాగితంలో ఇంటి జీతగాడి పేరుండదు. వాడు ఎవరి దొడ్లో ఉంటే వాళ్లవాడు. వాడిని ఎవరూ అడగరు.

2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండైంది. 2024 జూన్ 2తో హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు కూడా తీరిపోయింది. ఉద్వేగాలు చల్లారాయి కనుక ఇప్పుడు లెక్క చూసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 అనే ఆ పంపకం కాగితాన్ని మేం హైటెక్ సిటీ రోడ్డు మీద నిలబడి చదవదలచుకున్నాం. మేం తెలంగాణ ఏర్పాటును తప్పుపట్టడం లేదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఎట్లా అమలైందో, 1969లో ఎవరి పిల్లలు తూటాలకు బలయ్యారో మాకు తెలుసు. మా ప్రశ్న వేరు. విడిపోయాక దళితుడి చేతికి ఏం వచ్చింది, చేతి నుంచి ఏం జారింది?

పంచింది ఏమిటి, పంచనిది ఏమిటి?

చట్టంలో తొమ్మిదో షెడ్యూల్ ఉంది, పదో షెడ్యూల్ ఉంది. కార్పొరేషన్లు, కంపెనీలు, శిక్షణ సంస్థలు, అకాడమీలు అన్నీ అందులో ఉన్నాయి. తొమ్మిదో షెడ్యూల్ కింద 91, పదో షెడ్యూల్ కింద 142 సంస్థలంటూ పదేళ్లు దాటినా తెగని తగాదా నడిచింది. ఉద్యోగుల పంపకానికి కమలనాథన్ కమిటీ వేశారు. అప్పులకు జనాభా లెక్కన 58.32, 41.68 శాతం అన్నారు. సచివాలయంలో ఏ బ్లాకు ఎవరిదో కూడా తేల్చుకున్నారు.

ఇవన్నీ ప్రభుత్వ ఆస్తులు, ప్రభుత్వ కొలువులు. అంటే రిజర్వేషన్ ఉన్న చోట్లు. ముల్కీ గొడవ నుంచి 1973 ఆరు సూత్రాల పథకం దాకా, 1985 నాటి 610 జీవో దాకా కొట్లాటంతా ఈ కొలువుల చుట్టే తిరిగింది. మరి హైదరాబాద్ మీద ఇంత పట్టుదల ఎందుకు? సచివాలయం కోసమా? కాదు. మాధాపూర్ కోసం, గచ్చిబౌలి కోసం, రాయదుర్గం కోసం.

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. దాన్ని కట్టిన ఉమ్మడి సంస్థలో ఎల్ అండ్ టీకి 89 శాతం, సర్కారు తరఫున ఏపీఐఐసీకి 11 శాతం. ఈ నిష్పత్తిని కాస్త ఆగి చూడాలి. రోడ్డు సర్కారుది, కరెంటు సర్కారుది, పన్ను మినహాయింపు సర్కారుది. వాటా మాత్రం 11. పంపకాల జాబితాకెక్కింది ఏపీఐఐసీ. ఆ అద్దాల మేడల్లో పుట్టే సంపద ఏ షెడ్యూల్లోకీ ఎక్కలేదు, అది ప్రైవేటు కాబట్టి. ప్రైవేటు కాబట్టే అందులో రిజర్వేషన్ కూడా లేదు. రెండు మాటలూ ఒక్క గోడకు రెండు వైపులు.

కాబట్టి మేం అనేదేమంటే, రాష్ట్రం విడిపోయినప్పుడు ముక్కలైంది దళితుడికి చోటున్న భాగం. ముక్కలు కానిది దళితుడికి చోటు లేని భాగం.

ఆస్తికి సెక్షన్, మనిషికి?

సెక్షన్ 8 చూడండి. ఉమ్మడి రాజధానిలో ఉండే వాళ్లందరి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి భద్రతకు గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యత ఇచ్చారు. రాతలో అందరూ ఉన్నారు. వాదనలో మాత్రం ఆస్తులున్నవాళ్లే మిగిలారు. మా భూములేం కావాలి, మా పెట్టుబడులేం కావాలి అన్న గొంతులే ఢిల్లీ దాకా వినిపించాయి. ఆ భూముల్లో కట్టిన మేడలకు ఇటుకలు మోసినవాళ్లు, ఆఫీసుల్లో తెల్లారకముందే బాత్రూములు కడిగేవాళ్లు, కాంట్రాక్టర్ కింద గేటు కాసేవాళ్లు ఏ వాదనలోనూ లేరు.

గుంటూరు నుంచో ప్రకాశం నుంచో కూలికి వచ్చి కొండాపూర్ బస్తీలో స్థిరపడ్డ ఒక మాల కుటుంబాన్ని అనుకుందాం. 2014 జూన్ 1న వాళ్లు తమ సొంత రాష్ట్రంలోని ఎస్సీలు. మర్నాడు పొద్దున లేచేసరికి అదే గదిలో, అదే పొయ్యి పక్కన వేరే రాష్ట్రపు ఎస్సీలు. ఎస్సీ జాబితా రాష్ట్రం పేరుతో ముడిపడి ఉంటుంది. వలస వెళ్లిన చోట ఆ హోదా చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రలో పుట్టి, బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన ఒక తెగ విద్యార్థి కేసు అది. అక్కడ మనిషి గీత దాటి వెళ్లాడు. ఇక్కడ మనిషి కదల్లేదు, గీతే వచ్చి మనిషిని దాటింది. ఈ రెండూ ఒకటేనా? తహసీల్దారు ఆఫీసులో మాత్రం ఒకటే ప్రశ్న: మీ నాయనది ఏ ఊరు?

బీహార్ 2000లో విడిపోతే, అటూ ఇటూ అయిన రిజర్వుడు ఉద్యోగికి ఏదో ఒక రాష్ట్రంలో రిజర్వేషన్ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది 2021లో. అదీ జార్ఖండ్ ఉద్యోగి ఒకరు కోర్టుల చుట్టూ తిరిగితే. కూలి మనిషి అన్నేళ్లు తిరగగలడా?

అదే కొండాపూర్‌లో, అదే గుంటూరు నుంచి వచ్చిన అగ్రకుల సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు జూన్ 2న ఏం మారింది? అతని కంపెనీ అతణ్ణి నేటివిటీ అడగదు. అతని ఫ్లాటు రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోదు. అతని పెట్టుబడికి సరిహద్దు లేదు. సరిహద్దు మన సర్టిఫికెట్‌కే వచ్చింది.

ఈ సంగతి మనకొక్కరికే కొత్తది కాదు. బ్రిటన్ 2016లో ఓటేసి 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న పోలెండ్, రుమేనియా కార్మికులు కూడా ఒక్కసారిగా పరాయివాళ్లయ్యారు. వాళ్లను 2021 జూన్ 30 లోగా దరఖాస్తు పెట్టుకుని ఉండే హక్కు తెచ్చుకోమన్నారు. అందులోనూ అవమానం ఉంది. అయినా ముందునుంచి ఉన్నవాళ్ల సంగతేంటన్న ప్రశ్నకు ఒక పద్ధతంటూ రాశారు. ఇక్కడ ఆంధ్రకు తిరిగి వెళ్లేవాళ్లకు గడువు పెట్టి స్థానికత ఇచ్చారు. అమరావతికి కదిలే ఉద్యోగుల పిల్లలకు అది అక్కరకొచ్చింది. హైదరాబాద్‌లోనే ఉండిపోయిన కూలి దళితుడి కులపత్రం గురించి అలాంటి తలుపు తెరవలేదు.

అంబేద్కర్‌ను సగమే చదివారు

ఉద్యమ కాలంలో చిన్న రాష్ట్రాల వాదానికి అంబేద్కర్‌ను అందరూ సాక్ష్యం పిలిచారు. 1955లో భాషా రాష్ట్రాల మీద ఆయన రాసిన పుస్తకం చిన్న రాష్ట్రాల పక్షమే. హైదరాబాద్ దేశానికి రెండో రాజధాని కావాలన్నదీ అందులోనే. కానీ అదే పుస్తకంలో ఆయన ఆంధ్ర గురించి రెడ్లు, కమ్మలు, కాపుల పేర్లు పెట్టి మరీ చెప్పాడు. భూమి, కొలువు, వ్యాపారం వాళ్ల చేతుల్లో ఉన్నాయని, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారని చెప్పాడు. చిన్న రాష్ట్రం ఒక్కటే చాలదని, ఒకరికన్నా ఎక్కువ మంది ఎన్నికయ్యే నియోజకవర్గాలు కావాలని రక్షణ కూడా సూచించాడు. మనవాళ్లు గీత గీసే పేజీ చదివారు, రక్షణల పేజీ తిప్పేశారు.

ఫలితం కళ్లముందే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఒక్క దళితుడైనా, దామోదరం సంజీవయ్య, 1960 నుంచి 1962 దాకా ముఖ్యమంత్రిగా చేశాడు. విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ ఆ కుర్చీ వెలమ, రెడ్డి, కమ్మ కులాలు దాటలేదు. దళిత ముఖ్యమంత్రి హామీ ఏమైందో చెప్పనక్కర్లేదు. విగ్రహాల్లో మాత్రం సమాన వాటా వచ్చింది. 2023లో హైదరాబాద్‌లో 125 అడుగులు, 2024లో విజయవాడలో 125 అడుగులు.

భూమి సంగతీ అంతే. 2014 ఆగస్టు 15న దళిత కుటుంబానికి 3 ఎకరాల పథకం మొదలుపెట్టారు. తర్వాత భూమి దొరకడం లేదన్నారు. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు వేలం వేసింది. భూమి ఉంది, మనకు లేదు. అటు అమరావతిలో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించినప్పుడు పట్టా భూమికి ఒక లెక్క, దళితుల చేతిలో ఉన్న అసైన్డ్ భూమికి అంతకన్నా తక్కువ లెక్క కట్టారు. గీతకు అటూ ఇటూ సర్కార్లు వేరు, కొలబద్ద ఒకటే.

తొమ్మిది శాతం, దేనిలో?

విడిపోవడం వల్ల మంచి జరగలేదా అంటే జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా అడిగిన వర్గీకరణ 2004లో కోర్టులో కూలిపోయింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తలుపు తీశాక, ఎవరి జనాభాను బట్టి వాళ్లు పంచుకునే వీలు దొరికింది. 2025లో తెలంగాణ 1, 9, 5 శాతాలుగా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగా విభజించాయి. మాదిగల న్యాయమైన లెక్క కుదరడంలో విభజనకూ పాత్ర ఉందని మాలలైనా మాదిగలైనా ఒప్పుకోవాలి.

అయితే ఈ 9 శాతం దేనిలో? సర్కారు కొలువులో. ఆ కొలువు ఏటేటా కాంట్రాక్టుగా, ఔట్‌సోర్సింగ్‌గా కరిగిపోతోంది. మనం చిన్నదైపోతున్న రొట్టెను మరింత న్యాయంగా కోసుకుంటున్నాం. పెరుగుతున్న రొట్టె మాధాపూర్‌లో ఉంది, దాని మీద చెయ్యి వేయొద్దంటున్నారు.

ప్రైవేటులో రిజర్వేషన్ కుదరదని చెప్పేవాళ్లకు ఒక్క మాట గుర్తు చేస్తాం. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. స్థానికుడి పేరు మీద ప్రైవేటు గేటు మీద చెయ్యి వేయొచ్చు. దళితుడి పేరు మీద వేస్తే మాత్రం ప్రతిభ చచ్చిపోతుందా? స్థానికత అంటే రాజ్యాంగం, కులం అంటే రాజకీయమా?

దళిత సంఘాలు కూడా ఇక్కడ ఆత్మవిమర్శ చేసుకోవాలి. కారంచేడు, చుండూరు కాలంలో రెండు ప్రాంతాల దళితులూ ఒక్క గొంతుతో నిలబడ్డారు. ప్రాంతం ఇరు పక్కలా అగ్రకులాలకు ఆయుధమైనప్పుడు మనం ఎవరి జెండా కింద వాళ్లం సర్దుకున్నాం. పంపకం కాగితం రాసేటప్పుడు మన షెడ్యూల్ ఏదని అడగలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

ఇప్పుడైనా అడగాల్సినవి మూడు. 2014 జూన్ 2 నాటికి హైదరాబాద్‌లో ఉన్న ప్రతి ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి, కోరుకున్న ఒక రాష్ట్రంలో, కోర్టుకెక్కకుండానే హోదా గుర్తించాలి. సర్కారు భూమి, సర్కారు రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీలో, దాని హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో కాదు, దాని కంప్యూటర్ ముందు కుర్చీలో రిజర్వేషన్ ఉండాలి. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా లెక్క కట్టాలి. ఇవి హైదరాబాద్‌లోనూ అడగాలి, అమరావతిలోనూ అడగాలి, కలిసి అడగాలి. రాష్ట్రాలు విడిపోయాయి. మన వెలి మాత్రం ఇంకా ఉమ్మడిగానే ఉంది.