పూర్ణమ్మ కథ, మన ఓలి

గురజాడ అప్పారావు గారి ‘పూర్ణమ్మ’ గేయకథను మా ఆశ్రమ పాఠశాలలో చాలాసార్లు చెప్పాను. ఒక ఏడాది ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, మా అక్కకు ఓలి తీసుకున్నారు. అదీ అమ్మకమేనా?” అని అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను.

కథ మనకు తెలిసిందే. పూజారి అయిన తండ్రి డబ్బుకు ఆశపడి కూతురిని ముసలివాడికి కట్టబెడతాడు. అత్తవారింటికి పోవాల్సిన రోజున ఆమె అన్నదమ్ములతో మాట్లాడి, దుర్గ గుడికి వెళుతుంది. తిరిగి రాదు. ఇది ఉత్త ఊహ కాదు. 1897 నాటి ‘కన్యాశుల్కం’ ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితా అది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో 1034 శుల్క వివాహాలు జరిగాయి. పెళ్లికూతుళ్లలో 99 మంది ఐదేళ్ల పిల్లలు. ముగ్గురికి ఏడాది వయసు. ఆ పసిబిడ్డల వెల 350 నుంచి 400 రూపాయలు.

ఈ గేయంలో నన్ను పట్టి ఆపేది పూర్ణమ్మ చివరి కోరిక. మీరంతా సంతోషంగా ఉన్నప్పుడు నన్ను తలచుకోండి, మీ కూతుళ్లలో ఒకతెకు నా పేరు పెట్టండి అంటుంది. తండ్రి ఆమెను డబ్బు చేసుకున్నాడు. ఆమె మాత్రం ఆ ఇంట్లో తన చోటే అడిగింది.

అయితే ఇల్లంతా మనుషులున్నా ఆ పెళ్లిని ఆపినవారు లేరు. పూర్ణమ్మకు చావు తప్ప దారి లేదు. దాన్ని త్యాగమని పొగిడి మనం పాఠం ముగిస్తాం. అది పొరపాటు. మన ముందు కూర్చున్నది ఆ ఈడు పిల్లలే.

ఇక మన ఓలి. మగపిల్లవాడి వాళ్లు పశువులో, ధాన్యమో, డబ్బో తెస్తారు. పోడులో రెక్కలు ముక్కలు చేసుకునే పిల్లను తీసుకుపోతున్నందుకు పుట్టింటికి చూపే మర్యాద అది. కాపురం పొసగకపోతే కులపెద్దల ముందు తప్పు కట్టి విడిపోవచ్చు, మారుమనువు చేసుకోవచ్చు. పుట్టింటి తలుపు మూసుకోదు. ఓలిలో గొప్ప ఇదే, డబ్బు కాదు. మనమూ మచ్చలేనివాళ్లం కాదు. ఓలికి అప్పుచేసి సావుకారు దగ్గర వెట్టికి పోయిన తాతల కథలు మనకున్నాయి. ఇప్పుడు ఉద్యోగం వచ్చిన మన కుర్రవాళ్లు కొందరు కట్నం, బండి అడుగుతున్నారు.

ఆ అమ్మాయికి ఇప్పుడైతే ఇలా చెబుతాను: అమ్మా, డబ్బు చేతులు మారిందా అని ఒక్కటే చూడకు. మీ అక్కకు 18 ఏళ్లు నిండాయా? ఆమెను అడిగారా? వద్దంటే ఆగేవారా? రేపు తిరిగొస్తే కంచంలో అన్నం పెడతారా? అన్నిటికీ అవునంటే అది ఓలి. ఒక్కదానికి కాదన్నా, ఏ పేరు పెట్టుకున్నా అది అమ్మకమే.

తోటి ఉపాధ్యాయులు పూర్ణమ్మ పాఠం చివర ఈ ప్రశ్నలు వేసి చూడండి. ముఖ్యంగా మగపిల్లల్ని అడగండి.