సురభి నాటకం: తెరలు, తీగలు, టిక్కెట్టు

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ నాటకం ఆడారు. ఊరి పెద్దల ఇంట పెళ్లి వేడుక కోసమని చెబుతారు. ఆడింది అంతకుముందు తోలుబొమ్మలాటతో ఊళ్లు తిరిగిన కుటుంబం, ఆడించినవాడు వనారస గోవిందరావు. ఆ ఊరి పేరే తరవాత సమాజం పేరైంది. కుటుంబం పెరిగినకొద్దీ సమాజం చీలి, ఒకప్పుడు పదుల సంఖ్యలో సురభి బృందాలు తెలుగునాట ఊరూరా తిరిగాయి. ఇప్పుడు మిగిలినవాటిని చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవి ఎలా మిగిలాయో తెలియాలంటే ముందు ఆ నాటకం పనితీరు తెలియాలి. దాని ఖర్చూ, దాని బలమూ రెండూ అక్కడే ఉన్నాయి.

సురభి రంగస్థలం మీద నటుడి కంటే ముందు తెర మాట్లాడుతుంది. దర్బారు, అడవి, వీధి, అంతఃపురం అన్నీ గుడ్డ మీద రంగులతో వేసినవే. వాటిని ఒకదాని వెనక ఒకటి కట్టి, తాళ్లతో పైకి చుడతారు, కిందికి వదులుతారు. ముందు వీధి తెర దించి దాని ముందర ఇద్దరు పాత్రధారులు సంభాషణ నడుపుతుంటే, వెనక చప్పుడు కాకుండా సింహాసనం చేరుతుంది. సంభాషణ ముగిసేసరికి తెర లేస్తుంది, సభ సిద్ధంగా ఉంటుంది. గంటల తరబడి సాగే పౌరాణికంలో ఎక్కడా ఖాళీ రాకపోవడానికి కారణం ఇదే.

ఆ తరవాత తీగలు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజనమే తీసుకుంటే, అతను నోరు తెరుస్తాడు, పళ్లెంలోని లడ్డూ దానంతటదే లేచి వచ్చి నోట్లో పడుతుంది. చీకటి రంగు తెర ముందు సన్నని దారం ప్రేక్షకుడి కంటికి ఆనదు. దారం లాగే మనిషి పక్కన మరుగున ఉంటాడు. నటుడి తల ఒక జానెడు పక్కకు తిరిగినా, లాగడం ఒక్క క్షణం ఆలస్యమైనా లడ్డూ చెంపకు తగులుతుంది. కాబట్టి ఆ ఇద్దరికీ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసి ఉండాలి. యుద్ధంలో రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలుస్తాయి. నారదుడు ఆకాశం నుంచి దిగుతాడు. వేదిక మీదే వాన కురుస్తుంది. ఈ పనులేవీ పుస్తకంలో రాసిపెట్టినవి కావు. తండ్రి పక్కన నిలబడి తాడు పట్టుకున్న కొడుకు చేతికే ఆ లెక్క అందుతుంది.

నటన కూడా అలాగే అందుతుంది. పసివాడు బాలకృష్ణుడిగానో లోహితాస్యుడిగానో రంగమెక్కుతాడు, ఎదిగాక ప్రహ్లాదుడు, ఇంకా ఎదిగాక కృష్ణుడు, చివరికి ధర్మరాజు. స్త్రీ పాత్రలు మగవాళ్లు వేసే రోజుల్లోనే ఈ కుటుంబపు ఆడవాళ్లు వేదికెక్కి పాడారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చినప్పుడు అందులో లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి. సురభి ప్రేక్షకులను తరవాత తన వైపు లాక్కున్న సినిమాకు మొదటి కథానాయికను ఇచ్చింది సురభే.

కుటుంబమే కంపెనీ కావడం సురభికి ఆర్థికంగా పెద్ద అండ. ఈ రాత్రి రాజు వేషం వేసినవాడు రేపు తెర లాగుతాడు. పాట పాడిన ఆమే దుస్తులు కుడుతుంది. బయటివాళ్లకు జీతాలివ్వాల్సిన పని తక్కువ. ఒక పట్టణంలో రేకుల షెడ్డు వేసుకుని నెలల తరబడి ఉండేవాళ్లు. రోజుకొక నాటకం మార్చేవాళ్లు కాబట్టి నిన్న వచ్చిన ప్రేక్షకుడే ఇవాళా టిక్కెట్టు కొనేవాడు. వసూళ్లు తగ్గగానే తెరలు, సామాను లారీలకెక్కించి మరో ఊరు. అయితే సినిమా హాళ్లు, ఆ తరవాత టీవీ ఊళ్లకు చేరేసరికి ఈ లెక్క తలకిందులైంది. లారీ కిరాయి, స్థలం అద్దె, కరెంటు పెరిగాయి. టిక్కెట్టు పెంచితే జనం రారు. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు వెళితే బయటి మనిషిని పెట్టుకోవాలి, జీతమివ్వాలి. ఒక్కొక్క బృందం మూతపడింది ఈ రకంగానే. ప్రేక్షకుల అభిమానం చచ్చిపోయి కాదు.

1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి నిలబడిన తీరు అందుకే గమనించదగ్గది. రేకందార్ నాగేశ్వరరావు, జనం సురభి బాబ్జీ అని పిలుచుకున్న పెద్ద, దాన్ని హైదరాబాద్‌లో నిలబెట్టారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణం ప్రదర్శన వేదికైంది. లింగంపల్లి దగ్గర కళాకారుల కుటుంబాలకు కాలనీ ఏర్పడింది. తిరుగుడు ఖర్చు తగ్గింది, పిల్లలు ఒకే బడిలో చదువుకునే వీలు కలిగింది. సురభికి జరిగిన మేళ్లన్నిటిలో ఇది పెద్దది. అయితే దీనికీ ఒక మూల్యం ఉంది. కొత్త ఊరు కొత్త ప్రేక్షకులను ఇచ్చేది. ఒకే నగరంలో పాత ప్రేక్షకుణ్నే మళ్లీ మళ్లీ రప్పించాలి. అందుకు కొత్త నాటకం కావాలి.

ఆ పనికి 1990ల్లో నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపమైన ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆయన సురభి నటులతో చేయించారు. పాత తెరలకు అలవాటుపడిన కుటుంబం ఆధునిక నాటకాన్నీ మోయగలదని తేలింది. ‘సురభి అంటే మాయలే’ అనుకున్న నగర ప్రేక్షకులు తిరిగి చూశారు. 2013లో బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు బృందం ఫ్రాన్స్‌లోని మెట్జ్‌లో ‘మాయాబజార్’ ఆడింది. అవి గర్వపడాల్సిన విషయాలే. కానీ చిరిగిన తెరను పురస్కారం కుట్టదు. నాటక బృందాల్లో గురువుకూ శిష్యులకూ నెలనెలా భృతి ఇచ్చే కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటు లాంటి ఏర్పాటు ఇలాంటి కుటుంబాలకు ఎక్కువ సాయపడుతుంది. టిక్కెట్లు అమ్ముడుపోని వారంలోనూ ఆ ఇంట పొయ్యి వెలుగుతుంది, కుర్రవాడు తాడు వదిలి వేరే కొలువు వెతుక్కోనక్కర్లేదు. 2020లో కరోనాతో నాటకశాలలు మూతపడ్డప్పుడు టిక్కెట్టు మీదే బతికే కళాకారుడి పరిస్థితి ఎంత పలచనో అందరికీ కనబడింది.

బడులు, సంస్థలు, ఆలయ కమిటీలు ప్రదర్శన మొత్తానికి ఒకేసారి డబ్బు కట్టి ఆడించుకోవడం మరో దారి. ఆ రోజు ఎంతమంది వచ్చారన్న బెంగ బృందానికి ఉండదు. పిల్లలకు మాత్రం లడ్డూ గాలిలో తేలడం సినిమా తెర మీద కాకుండా కళ్ల ముందే కనబడుతుంది. నాటకం అయ్యాక వాళ్లలో కొందరు వేదిక పక్కకు పరుగెత్తి దారం కోసం వెతుకుతారు.