ఒక్కసారి అడిగితే చాలు

ఆసుపత్రి మంచం పక్కన పెట్టే మానిటర్ ఒకటి ఈ మధ్య నా బల్ల మీదికొచ్చింది. స్విచ్ వేశాక తెర వెలిగేలోగా నాలుగు సెకన్లు ఒక్క పనికే పోతున్నాయి: 6 ఎంబీ లినక్స్ కెర్నెల్‌ని ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి చదవడం. నల్లటి తెర వంక నర్సు చూస్తూ నిలబడే ఆ నాలుగు సెకన్లు నాకు చిన్నవిగా అనిపించవు.

అందరం ఫ్లాష్ చిప్‌నే అనుమానించాం. కాగితం మీద లెక్క వేస్తే, ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ ఒక్క డేటా లైను మీద, 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో కూడా సెకనుకు 6 ఎంబీ ఇవ్వగలదు. మరి మిగతా మూడు సెకన్లు ఎక్కడికి పోయాయి?

లాజిక్ ఎనలైజర్ తగిలించాను. బూట్‌లోడర్ యూ-బూట్‌లోని మా డ్రైవర్, కంట్రోలర్ ఫైఫో నిండగానే, అంటే 16 బైట్లకే, చదవడం ఆపేస్తోంది. మళ్లీ కమాండ్, మళ్లీ మూడు బైట్ల అడ్రస్, మళ్లీ డమ్మీ బైటు. 128 క్లాకుల డేటా కోసం 40 క్లాకులు అడగడానికే! వాటి మధ్య అంతకంటే పొడుగ్గా, ఏమీ జరగని ఖాళీ. చేంతాడుకు బొక్కెన బదులు చెంబు కట్టి తోడినట్టుంది. నిజానికి చిప్ సెలెక్ట్‌ని ఎత్తకుండా ఉంచితే చాలు, ఆ చిప్ అడ్రస్‌ని తనే పెంచుకుంటూ, క్లాక్ అందినంతసేపూ బైట్లు ఇస్తూనే ఉంటుంది. డ్రైవర్‌ని అలా తిరగరాశాను. సమయం 1.1 సెకన్లకు దిగింది.

తర్వాత క్వాడ్ రీడ్, నాలుగు లైన్ల మీద. క్వాడ్ ఎనేబుల్ బిట్ పెట్టాను, బోర్డు ఆన్ చేశాను. 'బ్యాడ్ మ్యాజిక్ నంబర్' అంది. ర్యామ్ తెరిచి చూస్తే, ఇమేజ్ మొదట్లో 27051956 ఉండాల్సిన చోట ముందొక ఎఫ్ చేరి, అంకెలన్నీ ఒక స్థానం పక్కకు జరిగాయి. క్వాడ్‌లో ఒక క్లాక్‌కి నాలుగు బిట్లు, అంటే హెక్స్‌లో సరిగ్గా ఒక అంకె. డమ్మీ క్లాకులు ఎనిమిది కావాలి, నేను ఏడే ఇచ్చాను. తానేమిటో ఇంత స్పష్టంగా చెప్పే తప్పు దొరికితే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

ఎనిమిది చేశాక చదవడం 0.3 సెకన్లలో అయిపోయింది. రాత్రంతా ఆపుతూ, ఆన్ చేయిస్తూ చూశాను, ప్రతిసారీ సీఆర్‌సీ సరిపోయింది. ఇప్పుడు ఎక్కువ సమయం జీజిప్ విప్పడానికి పోతోంది. రేపు దాని సంగతి చూడాలి.